పన్నెండంగుళాల సబ్ ఉంది, సోఫాలో మాత్రం బేస్ లేదు: ఒక గది కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరికి వచ్చేసరికే ఇంటాయన ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు. ఉన్న పన్నెండంగుళాల సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసమే పెట్టే స్పీకర్ డబ్బా) ఇంట్లోని సినిమా గదికి చాలట్లేదు, పదిహేనంగుళాలది కొనాలి, ఏది కొనమంటారు అని. ఏ సబ్ పేరూ చెప్పకుండా ముందు రెండు మూడు విషయాలు అడిగాను. బేస్ ఎక్కడ కూర్చుంటే తక్కువగా ఉంది? సోఫాలో. గదిలో ఇంకెక్కడైనా ఎక్కువగా ఉందా? "తలుపు దగ్గర నిలబడితే ఛాతీకి తగులుతుందండీ, పక్క గదిలో పడుకున్నవాళ్ళు లేచి వస్తున్నారు." సోఫాలో ముగ్గురు కూర్చుంటే ముగ్గురికీ ఒకేలా వినిపిస్తోందా? ఈ ప్రశ్నకి ఆయన కాసేపు ఆలోచించి, తను ఎప్పుడూ మధ్యలోనే కూర్చుంటానని, వాళ్ళావిడ అంచున కూర్చుని బేస్ బాగానే ఉంది కదా అంటుందని చెప్పారు.

కొత్త సబ్ అక్కర్లేదని దాదాపు అక్కడే తేలిపోయింది. తలుపు దగ్గర అంత గట్టిగా మోగుతున్న డబ్బా సోఫా మధ్యలో మూగబోయిందంటే లోపం డబ్బా బలంలో లేదు. ఆ గదిలో డబ్బా ఎక్కడుంది, చెవి ఎక్కడుంది అన్నదాంట్లో ఉంది. పదిహేనంగుళాలది తెచ్చి అదే మూలలో పెడితే తలుపు దగ్గర ఇంకా ఎక్కువ దద్దరిల్లుతుంది, సోఫా మధ్యలో మళ్ళీ అదే ఖాళీ.

గది ఇలా ఉంది

పొడవు 5.2 మీటర్లు, వెడల్పు 3.6, ఎత్తు 2.9. నాలుగు వైపులా గట్టి గోడలు, కింద కార్పెట్, తలుపు వేస్తే పూర్తిగా మూసుకుపోయే గది. తెర చిన్న గోడ మీద. సోఫాలో కూర్చుంటే తల ముందు గోడకి సరిగ్గా 2.6 మీటర్ల దూరంలో, అంటే గదికి నడిమధ్యలో ఉంది. సబ్ ముందు ఎడమ మూలలో, పోర్టు (గాలి ఆడే గొట్టం) వెనకవైపు ఉన్న మోడల్. గది తలుపు ఉన్నది వెనక కుడి మూలలో. మూలల్లో పసుప్పచ్చ ఫోమ్ దిమ్మెలు అంటించి ఉన్నాయి, ఎవరో 'బేస్ ట్రాప్' అని అమ్మారట. వాటి సంగతి తర్వాత.

తక్కువ ఫ్రీక్వెన్సీల్లో గది ఎలా ప్రవర్తిస్తుందో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాదంతా మంత్రంలా అనిపిస్తుంది. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. 80 హెర్ట్జ్ దగ్గర ఒక అల పొడవు 4.3 మీటర్లు, 40 దగ్గర 8.6, 20 దగ్గర 17 మీటర్లు. ఇంత పొడుగు అలలు ఇంత చిన్న గదిలో హాయిగా ప్రయాణించలేవు, గోడలకి కొట్టుకుని వెనక్కి వచ్చి తమలో తాము కలిసిపోతాయి, కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర గది మొత్తం ఒకే లయలో ఊగుతుంది. నీళ్ళ తొట్టిని అటూ ఇటూ ఊపితే రెండు అంచుల దగ్గర నీళ్ళు లేచి పడుతుంటాయి, మధ్యలో మట్టం కదలదు చూశారా, అచ్చం అలాగే గోడల దగ్గర ఒత్తిడి ఎక్కువ, మధ్యలో దాదాపు సున్నా. ఆ ఊగే ఫ్రీక్వెన్సీని రూమ్ మోడ్ అంటాం. లెక్క చాలా తేలిక: 343ని గది కొలతకి రెట్టింపుతో భాగించడమే. ఈ గది పొడవుకి మొదటి మోడ్ 33 హెర్ట్జ్, రెండోది 66. వెడల్పుకి 47.6. ఎత్తుకి 59.

ఇప్పుడు సోఫా వైపు చూడండి. తల పొడవుకి నడిమధ్యలో ఉంది కాబట్టి 33 హెర్ట్జ్ అక్కడ నల్, అంటే ఆ శబ్దం దాదాపు వినిపించని చోటు. మధ్య సీటు వెడల్పుకి కూడా నడిమధ్యే, కాబట్టి 48 దగ్గరా నల్. రెండో పొడవు మోడ్ 66కి మాత్రం గది మధ్యలో పీక్, అంటే మరీ గట్టిగా వినిపించే చోటు. అంటే ఇంట్లో అన్నిటికంటే మంచిదనుకుని ఎంచుకున్న సీటు, లోతైన బేస్ రెండు చోట్ల మాయమై, పైన ఒక చోట ఉబ్బిపోయిన సీటు. తలుపేమో గది వెనక మూలలో ఉంది, మూలల్లో అన్ని మోడ్‌లకీ పీకే. ఆయన చెప్పిన లక్షణాలన్నీ ఈ నాలుగు అంకెల్లోనే ఉన్నాయి.

కొలిస్తే ఏం కనిపించింది

కాగితం మీద లెక్క సగమే, కొలవందే ముందుకి వెళ్ళను. నా దగ్గర ఉండేది యూమిక్-1 మైకు, ల్యాప్‌టాప్‌లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్. మైకుని స్టాండ్‌కి బిగించి చెవి ఎత్తులో పెట్టి, 15 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ (ఆగకుండా పైకి ఎక్కే ఒకే స్వరం) వేసి, గ్రాఫ్‌కి స్మూతింగ్ (గీతని నున్నగా చేసే అమరిక) పెట్టకుండా చూడాలి. స్మూతింగ్ పెడితే లోతైన సన్నటి నల్‌లు చక్కగా మాయమైపోయి అంతా బాగానే ఉందనిపిస్తుంది.

మధ్య సీటులో 33 దగ్గర చుట్టుపక్కల కంటే 16 డెసిబెల్స్ కిందకి గుంట, 48 దగ్గర 12 కిందకి, 66 దగ్గర 11 పైకి. అంచు సీట్లలో 48 గుంట చాలా మటుకు పూడిపోయింది, ఎందుకంటే అక్కడ తల వెడల్పుకి మధ్యలో లేదు. ఆవిడ బాగానే ఉందన్నది అక్షరాలా నిజం, ఆవిడ వింటున్నది వేరే బేస్.

గ్రాఫులు అందరికీ ఎక్కవు, అందుకే ఇలాంటి చోట నేను బేస్ గిటార్ వినిపిస్తాను. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికంటే కింది ఈ స్వరం 41 హెర్ట్జ్, దాని పైన జీ 49, ఏ 55, సీ 65. ఒకే బలంతో మెట్లు మెట్లుగా పైకి వాయించిన ట్రాక్ పెడితే, మధ్య సీటులో జీ దగ్గర వాద్యగాడు చెయ్యి ఆపేశాడేమో అన్నట్టు స్వరం పలచబడిపోయింది, సీ దగ్గరికి రాగానే గుయ్‌మని గది అంతా నిండిపోయి, తర్వాతి స్వరం మొదలైనా అది వదలట్లేదు. ఆయన్ని అంచు సీటులోకి జరగమని అదే మళ్ళీ పెట్టాను. జీ వచ్చేసింది. ఇక పదిహేనంగుళాల మాట ఆయన ఎత్తలేదు.

రిసీవర్‌లోనూ, సబ్ వెనకాలా దొరికినవి

ఇవి పెద్ద విషయాలు కావు, కానీ ప్రతి ఇంట్లో వీటిలో ఒకటో రెండో ఉంటాయి. రిసీవర్‌లో (అన్ని స్పీకర్లనీ నడిపే పెట్టె) క్రాసోవర్, అంటే ఎంత కింది శబ్దాన్ని స్పీకర్ల నుంచి సబ్‌కి మళ్ళించాలన్న హద్దు, అన్ని స్పీకర్లకీ 120 హెర్ట్జ్ పెట్టి ఉంది. మగ గొంతు మూల ఫ్రీక్వెన్సీలు సుమారు 85 నుంచి 155 మధ్య ఉంటాయి కాబట్టి డైలాగుల్లో కింది భాగం ఎడమ మూలలోని సబ్ నుంచి వస్తోంది, హీరో తెర మధ్యలో నిలబడి మాట్లాడుతున్నా గొంతు ఎడమకి లాగినట్టుంది. 80కి దింపితే అది పోయింది. అంతకింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పెద్దగా పట్టుకోలేదు, సినిమా సిస్టమ్‌లలో 80 వాడుక అయింది అందుకే. వెనక ఉన్న చిన్న సరౌండ్ స్పీకర్లకి మాత్రం 110 ఉంచాను, వాటి శక్తి అంతే. ఎల్ఎఫ్ఈ ఛానల్‌కి (సినిమా ట్రాక్‌లో లోతైన బేస్ కోసమే విడిగా ఉండేది) ఉండే వేరే ఫిల్టర్‌ని 120 దగ్గరే వదిలేశాను, ఆ ఛానల్‌లో శబ్దం అక్కడిదాకా ఉంటుంది కాబట్టి.

సబ్ వెనకాల ఉన్న లో-పాస్ నాబ్ (ఒక హద్దుకి పైనున్న శబ్దాన్ని కోసేసేది) 100 దగ్గర ఉంది. రిసీవర్ ఒకసారి కోసి పంపినదాన్ని సబ్ మళ్ళీ కోస్తోంది, ఫేజ్ (అల లేచి పడే వేళ) కూడా తిరిగిపోతోంది. ఎల్ఎఫ్ఈ అని రాసి ఉన్న ఇన్‌పుట్‌లోకి కేబుల్ మార్చాను. ఆ ఇన్‌పుట్ లేని సబ్ అయితే నాబ్‌ని చివరిదాకా తిప్పేయాలి.

సబ్ సొంత వాల్యూమ్ లాంటి గెయిన్ నాబ్ ముప్పాతిక దగ్గర ఉంది, రిసీవర్ ఆటో కాలిబ్రేషన్‌లో (మైకుతో తనే కొలిచి సర్దుకునే పద్ధతి) సబ్ ట్రిమ్, అంటే సబ్‌కి పెట్టిన లెవెల్ దిద్దుబాటు, మైనస్ 12 చూపిస్తోంది. చాలా రిసీవర్లలో మైనస్ 12 అంటే అడుగు తగిలినట్టు, ఇంకా తగ్గించాలనుకుంది కానీ తగ్గించలేకపోయింది అని అర్థం. పైగా సబ్‌కి వెళ్ళే సిగ్నల్ అంత సన్నగా ఉంటే ఆటో స్టాండ్‌బై సబ్‌ని మెలకువగా ఉంచదు. నెమ్మది సన్నివేశాల్లో సబ్ నిద్రపోతుందని, తర్వాత ఎక్కడో ధన్‌మని లేస్తుందని ఆయన విడిగా ఫిర్యాదు చేసింది దీని గురించే. గెయిన్ సగానికి కొంచెం తక్కువకి దించి, ట్రిమ్ మైనస్ 4 చుట్టుపక్కలకి వచ్చేలా చూసుకున్నాక ఆ నిద్ర తగ్గింది. అయినా సినిమా గదిలో స్టాండ్‌బైని ఆఫ్ చేసి స్విచ్ దగ్గరే ఆపుకోమంటాను.

ఫ్రంట్ స్పీకర్లని లార్జ్ అని పెట్టి, 'ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్' ఆన్ చేసి ఉంది. దాంతో ఒకే బేస్ సబ్ నుంచీ, ఫ్రంట్ స్పీకర్ల నుంచీ మూడు చోట్ల పుట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. స్మాల్ చేసి, దాన్ని తీసేశాను. స్మాల్ అంటే స్పీకర్ చిన్నదని అవమానించినట్టు కాదు, దాని కింది భాగం సబ్‌కి పంపమని చెప్పడం, అంతే.

ముందు సోఫా

సబ్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకి ముందు మనిషి ఎక్కడ కూర్చోవాలన్నది తేల్చుకోవాలి. నడిమధ్యలో కూర్చుంటే 33 హెర్ట్జ్ నల్‌ని ఏ మూలలో పెట్టిన ఏ ఒక్క సబ్ పూడ్చలేదు. ఆ మోడ్ అక్కడ లేదు కాబట్టి. ఇది చెప్పినప్పుడు ఇళ్ళల్లో మొహాలు కాస్త వాడతాయి, సోఫా జరపమనడం సబ్ కొనమనడం కంటే కష్టమైన సలహా.

ఎటు జరపాలి? మరీ వెనక్కి, గోడకి ఆనించి పెడితే అన్ని పొడవు మోడ్‌లకీ పీక్ అక్కడే, బేస్ బరువుగా మొద్దుగా ఉంటుంది, వెనక సరౌండ్‌లు కూడా చెవిలో మోగుతాయి. పొడవులో పావు, ముప్పావు దగ్గర 66కి నల్ ఉంటుంది, అంటే ఇక్కడ 1.3, 3.9 మీటర్ల దగ్గర. సగానికీ ముప్పావుకీ మధ్యలో ఎక్కడో ఒకచోట రెండూ సర్దుకుంటాయి. వెనక గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరం అని ఒక లెక్క ఈ పనిలో అందరూ చెప్పుకుంటారు, మొదలుపెట్టడానికి అది మంచి చోటే, అక్కడే ఆగిపోకూడదు. మైకు స్టాండ్‌ని పది పది సెంటీమీటర్లు వెనక్కి జరుపుతూ స్వీప్‌లు వేశాను. తల ముందు గోడకి 3.4 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 33 గుంట పోయింది, 66 పీక్ సగానికి దిగింది. అంటే సోఫా 80 సెంటీమీటర్లు వెనక్కి వెళ్ళాలి.

ఆయన అభ్యంతరం బొమ్మ చిన్నదవుతుందని. న్యాయమైన అభ్యంతరమే. సోఫా ఊరికే అక్కడికి జరిపి ఒక సినిమా చూడమన్నాను, నచ్చకపోతే 3.2 దగ్గర రాజీ పడదామని. ఆవిడ మాత్రం ఇదివరకు సినిమా హాల్లో ముందు వరసలో కూర్చున్నట్టు మెడ నొప్పి పుట్టేదని, ఇదే బాగుందని తేల్చేశారు, దాంతో ఆ చర్చ ముగిసింది.

సబ్‌కి చోటు వెతకడం

దీనికి పాత పద్ధతి ఉంది, ఇప్పటికీ అంతకంటే మంచిది లేదు. సబ్‌ని తీసుకెళ్ళి మనం కూర్చునే చోట పెట్టి, మనం గోడల వెంట వంగి పాకుతూ ఎక్కడ బేస్ సమంగా వినిపిస్తుందో వెతకడం. సబ్ ఉన్న చోటు, చెవి ఉన్న చోటు తారుమారు చేసినా గది ఇచ్చే జవాబు ఒకటే, అందుకే ఇది పనిచేస్తుంది. చెవితో చేసేవాళ్ళు బేస్ గిటార్ స్వరాలు ఎక్కుతూ దిగుతూ ఉండే ట్రాక్ పెట్టుకోవాలి. డ్రమ్స్, పేలుళ్ళు పెట్టుకుంటే ఎక్కడ గట్టిగా ఉందో అక్కడే బాగుందనిపిస్తుంది, మనకి కావాల్సింది గట్టితనం కాదు, ఏ స్వరమూ మునిగిపోకుండా, ఏ స్వరమూ ఎగదన్నకుండా ఉండటం. నేను పాకేటప్పుడు చెవికి బదులు మైకు పెడతాను. సబ్‌ని గట్టి స్టూలు మీద చెవి ఎత్తుకి లేపి, మైకుని నేలకి దగ్గరగా, సబ్ కోన్ (అదురుతూ శబ్దం పుట్టించే పల్లెం) ఉండబోయే ఎత్తులో పట్టి ఒక్కో చోటా స్వీప్.

నిజంగా సబ్ పట్టే చోట్లే కొలవాలి. తలుపు తెరుచుకునే దారిలో అద్భుతమైన గ్రాఫ్ వచ్చినా దానితో పనేముంది.

పాత ముందు మూల అన్నిటికంటే గట్టిగా ఉంది, అందులో ఆశ్చర్యం లేదు. మూడు ఉపరితలాలు కలిసేచోట సబ్ అన్ని మోడ్‌లనీ రేపుతుంది. బలం తక్కువైన సబ్ ఉన్నవాళ్ళకి మూల వరమే. కానీ సోఫా మీద ఒక సీటుకీ ఇంకో సీటుకీ 48 దగ్గర తేడా అలాగే ఉంది. కుడి గోడకి మధ్యలో పెడితే 33 లేవట్లేదు, పొడవు మోడ్‌కి అది నల్ చోటు కదా, అక్కడ కూర్చుంటే వినిపించదు, అక్కడ పెడితే పలకదు. వెనక ఎడమ మూలలో బేస్ గట్టిగానే ఉంది కానీ సెంటర్ స్పీకర్‌తో కలిసే 80 దగ్గర గజిబిజి.

ముందు గోడకి మధ్యలో పెట్టినప్పుడు అసలు సంగతి బయటపడింది. వెడల్పు మోడ్‌కి మధ్య నల్ కాబట్టి సబ్ ఆ మోడ్‌ని రేపలేదు, రేపనప్పుడు అంచు సీట్లకీ మధ్య సీటుకీ 48 దగ్గర తేడా ఉండదు. మూడు సీట్ల గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెడితే 80 దాకా దాదాపు ఒకే గీతలా పడ్డాయి. సరిగ్గా మధ్యలో సెంటర్ స్పీకర్ బల్ల ఉంది, దాన్ని కదిలించే వీల్లేదు, అందుకని ఎడమ గోడకి 1.4 మీటర్ల దూరంలో బల్ల పక్కన పెట్టాం. నడిమధ్య కంటే 40 సెంటీమీటర్లు పక్కకి జరిగింది, ఆ మేరకి వెడల్పు మోడ్ కాస్త రేగుతుంది, పాత మూలతో పోలిస్తే అది చాలా తక్కువ.

గోడకి ఎంత దూరం అన్నది కూడా చూసుకోవాలి. సబ్ కోన్ గోడకి మీటరు దూరంలో ఉంటే గోడని తాకి వెనక్కి వచ్చే శబ్దం 86 హెర్ట్జ్ దగ్గర ఎదురుతిరిగి కొట్టేస్తుంది, సరిగ్గా క్రాసోవర్ పక్కన. 40 సెంటీమీటర్లయితే ఆ దెబ్బ 210 పైకి పోతుంది, అక్కడ సబ్‌కి పనే లేదు. కాబట్టి గోడకి దగ్గరగానే ఉండాలి, పోర్టు వెనక ఉంది గనక దానికి గాలి ఆడేటంత సందు వదలాలి. ఇక్కడ 15 సెంటీమీటర్లు వదిలాను. కోన్ ముందుకి చూడాలా, పక్కకి చూడాలా అని చాలామంది అడుగుతారు. ఇంత పొడుగు అలలకి ఎటు తిప్పినా ఒకటే, పోర్టుకీ కేబుల్‌కీ ఏది వీలైతే అది.

డిలే: అందరూ వదిలేసే చోటు

సబ్ ఒక్కటే కొలిస్తే బాగుంది, సెంటర్ ఒక్కటే కొలిస్తే బాగుంది, రెండూ కలిపి కొలిస్తే 75 నుంచి 85 మధ్య 9 డెసిబెల్స్ గుంట. రెండూ ఒకేసారి నెట్టట్లేదు, ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతోంది. తబలా, డ్రమ్ దెబ్బలో గుండెకి తగిలే భాగం ఉండేది ఇక్కడే, అది పోతే ఎంత లోతైన బేస్ ఉన్నా దెబ్బ మెత్తగా ఉంటుంది.

కారణం రిసీవర్‌లో సబ్ దూరం. ఆయన టేపు పెట్టి కొలిచి, ఆటో కాలిబ్రేషన్ ఇచ్చిన అంకె తప్పని దాన్ని అసలు దూరానికి మార్చారు. చాలా జాగ్రత్తగా చేసిన పనే అది, కానీ ఆ అంకె దూరం పేరుతో ఉన్న టైమింగ్. సబ్ లోపలి ఫిల్టర్లు, డీఎస్పీ (శబ్దాన్ని డిజిటల్‌గా సర్దే చిప్) కలిసి కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం చేస్తాయి, ఒక్కో మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. ఆ ఆలస్యాన్ని రిసీవర్ దూరంగా లెక్కేసుకుని మిగతా స్పీకర్లని ఆ మేరకి ఆపుతుంది. అందుకే సబ్ దూరం ఎప్పుడూ టేపు చెప్పినదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అలా చూపిస్తే కంగారు పడి దిద్దకండి.

సరైన అంకె పట్టుకోవడానికి నేను చేసేది తలకిందుల పని. సబ్ ఫేజ్ 180కి తిప్పి, దూరాన్ని మెల్లగా మారుస్తూ 80 దగ్గర గుంట ఎక్కడ అన్నిటికంటే లోతుగా పడుతుందో వెతుకుతాను. ఎత్తైన చోటు వెతకడం కష్టం, అన్నీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి, లోతైన గుంట మాత్రం కచ్చితంగా ఒకచోట పడుతుంది. అది దొరికాక ఫేజ్ మళ్ళీ సున్నాకి తెస్తే అదే చోట రెండూ పూర్తిగా కలుస్తాయి. ఈ గదిలో అసలు దూరం 3.1 మీటర్లు, సరిపోయిన అంకె 4.7. అంటే సబ్ 4.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా పలుకుతోందన్నమాట. గుంట పోయి ఆ ప్రాంతమంతా సమమైంది. ఒక్క అంకె మార్చినందుకు వచ్చిన తేడా ఈ మొత్తం పనిలో ఇంకేదీ ఇవ్వలేదనుకుంటాను, సోఫా జరపడం తప్ప.

లెవెల్, ఈక్యూ

రిసీవర్ సొంత టెస్ట్ టోన్‌తో మిగతా స్పీకర్లన్నీ సీటు దగ్గర 75 డెసిబెల్స్‌కి, సబ్ 3 డెసిబెల్స్ ఎక్కువకి. తక్కువ వాల్యూమ్‌లో చెవికి బేస్ పలచగా వినిపిస్తుంది కాబట్టి ఇళ్ళల్లో అంత పెంచుకోవడం నాకు తప్పనిపించదు. అంతకుమించి పెంచమంటే మాత్రం వారం రోజులు దీనితో చూసి చెప్పమంటాను. ఉబ్బిన బేస్‌కి అలవాటుపడిన చెవికి సమంగా ఉన్నది మొదట తక్కువగా అనిపించడం సహజం.

కొత్త చోట గ్రాఫ్‌లో మిగిలినవి: 33 దగ్గర 8 డెసిబెల్స్ పీక్, 66 దగ్గర 5, 48 చుట్టూ 5 డెసిబెల్స్ లోతులేని గుంట. సబ్ యాప్‌లో పారామెట్రిక్ ఈక్యూ (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే సాధనం) ఉంది, రెండు ఫిల్టర్లు చాలాయి, 33 దగ్గర మైనస్ 7, 66 దగ్గర మైనస్ 4, రెండూ సన్నగా. పీక్ కోసినప్పుడు ఎత్తు మాత్రమే తగ్గదు, ఆ స్వరం ఆగిపోయాక గదిలో సాగే మూలుగు కూడా తగ్గుతుంది, వాటర్‌ఫాల్ గ్రాఫ్‌లో (స్వరం ఎంతసేపు సాగుతుందో చూపేది) 33 దగ్గర తోక సగానికి కుదించుకుపోయింది. తర్వాత రిసీవర్ ఆటో కాలిబ్రేషన్ మళ్ళీ మొదట్నుంచి చేసి, అది డిలేని కదిపిందేమో చూసి, మళ్ళీ 4.7కి పెట్టాను.

48 గుంటని పెంచలేదు. పెంచమని ఆయన అడిగారు. రద్దు వల్ల వచ్చే గుంటలో ఎంత పోసినా ఎదురు వచ్చే శబ్దమూ అంతే పెరుగుతుంది, గుంట అలాగే ఉంటుంది, యాంప్లిఫయర్ మాత్రం అలిసిపోతుంది. 6 డెసిబెల్స్ పెంచాలంటే నాలుగింతల పవర్ కావాలి, 10 పెంచాలంటే పదింతలు. పోర్టెడ్ సబ్‌లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పోర్టు ట్యూనింగ్ (పోర్టు సాయం చేసే ఫ్రీక్వెన్సీ) కింద దాని శబ్దం నిటారుగా పడిపోతుంది, కోన్‌ని ఆపే గాలి ఉండదు, అక్కడ ఈక్యూతో పెంచితే కోన్ అడ్డూ ఆపూ లేకుండా ఊగి దెబ్బతింటుంది.

అద్దాలు, లైట్లు

బేస్ సరిగ్గా రావడం మొదలయ్యాక ఇదివరకు లేని చప్పుళ్ళు బయటికొస్తాయి, ఎందుకంటే ఇంతకుముందు లేని స్వరాలు ఇప్పుడు ఉన్నాయి. ప్రోగ్రామ్‌లోని టోన్ జనరేటర్‌తో 20 నుంచి 120 దాకా ఒకే స్వరాన్ని మెల్లగా ఎక్కిస్తూ, నేను ల్యాప్‌టాప్ దగ్గర, ఆయన గదిలో తిరుగుతూ వస్తువుల మీద చెయ్యి వేసి చూస్తూ ఉన్నాం. 41 దగ్గర షోకేస్ అద్దం తలుపు జర్రున మోగింది, అరచెయ్యి ఆనిస్తే ఆగింది, తీస్తే మళ్ళీ మొదలు. తలుపుకి లోపలి అంచున ఫెల్ట్ బిళ్ళలు అంటిస్తే పోయింది. 58 దగ్గర ఫాల్స్ సీలింగ్‌లో ఒక లైటు చట్రం సన్నగా టిక్‌టిక్‌మంటోంది, అన్ని లైట్లలో అదొక్కటే, దాని స్ప్రింగ్ క్లిప్ ఒకవైపు కూర్చోలేదు. ఇన్నాళ్ళూ దాన్ని ఆయన స్పీకర్ చిరిగిందేమోనని అనుమానిస్తున్నారట. తలుపు గడియ దగ్గర చిన్న రబ్బరు ముక్క. వీటికి డబ్బు ఖర్చు లేదు, కానీ ఇవి ఉన్నంతసేపూ మంచి బేస్ కూడా చెత్తగా వినిపిస్తుంది.

సబ్ కింద రబ్బరు ప్యాడ్ వేయడం మంచిదే, నేలలోంచి బల్లలకీ అల్మరాలకీ ఎక్కే అదురు తగ్గుతుంది. పక్క గదికి గాలిలో వెళ్ళే బేస్‌ని అది ఆపదు. అది కావాలంటే గోడలూ తలుపూ మార్చాలి. పక్క గది గొడవ ఇక్కడ వేరే రకంగా తగ్గింది: ఇంతకుముందు సోఫాలో వినిపించట్లేదని వాల్యూమ్ పెంచేవారు, ఇప్పుడు ఆ అవసరం పోయింది.

మూలల్లో ఫోమ్ దిమ్మెల గురించి అడిగారు. ఇలాంటి మెత్తటి పదార్థం అల పొడవులో కనీసం గణనీయమైన భాగం మందం ఉంటేనే దాన్ని పీలుస్తుంది. 33 హెర్ట్జ్‌కి పావు అల 2.6 మీటర్లు, దాని ముందు అరచేతి మందం ఫోమ్‌కి లెక్కే లేదు. పైన గొంతుల్లో గలగల కొంచెం తగ్గిస్తుంది, ఉంచుకోండి, బేస్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి అన్నాను.

ఇప్పుడు ఎలా ఉంది, ఇంకేం చేయొచ్చు

మూడు సీట్లలోనూ 22 నుంచి 80 దాకా ప్లస్ మైనస్ 4 డెసిబెల్స్‌లో ఉంది, ఆ 48 గుంట ఒక్కటీ మినహా. బేస్ గిటార్ ట్రాక్‌లో జీ కొంచెం మెత్తగా ఉన్నా ఉంది, సీ మిగతావాటితో సమానంగా వచ్చి సమయానికి ఆగుతోంది. మగ గొంతులు తెర మధ్యలోకి వచ్చాయి.

మిగిలిన గుంటకి మందు రెండో సబ్, వెనక గోడ మధ్యలో. ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు సబ్‌లు ఒకేలా పలికితే పొడవు మొదటి మోడ్‌ని ఒకటి పైకి నెడితే ఇంకోటి కిందకి నెట్టి రద్దు చేస్తాయి, వెడల్పు మోడ్‌ని రెండూ రేపవు, సీటు సీటుకీ తేడా బాగా తగ్గుతుంది. హర్మన్‌లో పనిచేసిన టాడ్ వెల్టీ 2002లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ సభలో ఈ విషయం మీద లెక్కలు వేసి చూపించారు, నాలుగు దాటితే పెద్ద లాభం లేదని, గోడల మధ్యల్లో రెండు పెట్టినా దాదాపు ఆ ఫలితం వస్తుందని. దీర్ఘచతురస్రంగా, మూసి ఉన్న ఇలాంటి గదులకి అది బాగా వర్తిస్తుంది, ఒకవైపు హాల్లోకి తెరుచుకున్న గదికి మళ్ళీ కొలుచుకోవాల్సిందే. పదిహేనంగుళాల ఒక్క సబ్ కోసం పక్కన పెట్టిన డబ్బు ఉంటే దాన్ని ఇటు పెట్టడమే నా సలహా, అయితే ఒకే వరస సోఫాకి ఇప్పుడున్నది చాలు, వెనక ఇంకో వరస వేసినప్పుడు ఆలోచిద్దామన్నారు, నాకూ అదే సబబనిపించింది. వెనక గోడ మధ్యకి ఒక సబ్ కేబుల్, ఒక ప్లగ్ పాయింట్ మాత్రం ఇప్పుడే లాగించుకోమన్నాను. కొన్నప్పుడు అదే మోడల్ తీసుకోవాలి, వేరే మోడల్ అయితే ఫేజ్ తీరు వేరుగా ఉండి సగం ఫ్రీక్వెన్సీల్లో సాయం చేస్తూ సగంలో అడ్డుపడుతుంది. అది వచ్చిన రోజున ఇప్పటి 4.7 మీటర్లు, ఆ రెండు ఫిల్టర్లు, గెయిన్ అన్నీ చెరిపేసి, ముందు రెండు సబ్‌లనీ ఒకదానితో ఒకటి సరిచేసుకుని, ఆ జంటని ఒకే సబ్ అనుకుని సెంటర్‌తో మళ్ళీ కలపాలి.